కింద పడ్డ సైకిలిస్టు దగ్గర ఆగడం: ఒక ఆచారం, ఒక భయం, ఒక చట్టం

రోడ్డు మీద దెబ్బలు తగిలి పడివున్న మనిషిని చూసి ఆగాలా, సాగిపోవాలా అన్నది మనసుకు, మానవత్వానికి సంబంధించిన ప్రశ్నగానే సాధారణంగా చర్చకు వస్తుంది. కానీ గత నూటయాభై ఏళ్ల చరిత్రను చూస్తే, ఆ క్షణంలో దారిన పోయేవారు ఏం చేస్తారన్నది వారి దయాగుణం మీద కంటే, ఆ తరువాత ఆసుపత్రి, పోలీసు స్టేషను, కోర్టు వారితో ఎలా వ్యవహరిస్తాయన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడిందని తెలుస్తుంది. ఈ చరిత్రను సైకిలు వైపు నుంచి చూడటానికి తగిన కారణం ఉంది. సైకిలు తొక్కేవారికి చుట్టూ ఇనుప గోడలు లేవు, వెంట తోడు ఉండదు, రోడ్డు అంచునే వారి దారి. పడితే లేపవలసింది వెనక వస్తున్న మరో మనిషే, ఆ మనిషి చాలాసార్లు మరో సైకిలు మీదో మోపెడ్ మీదో వస్తున్నవాడే.

సైకిలిస్టుల మధ్య ఈ పరస్పర సాయం ఒక కట్టుబాటుగా రూపుదిద్దుకున్నది 1870లలో ఇంగ్లండులో. అప్పటి సైకిలుకు ముందు చక్రం సుమారు మనిషి భుజమెత్తు, వెనక చక్రం జానెడు రెండు జానలు. తొక్కేవారు దాదాపు పెద్ద చక్రం నడినెత్తిన కూర్చునేవారు కనుక, చిన్న రాయి అడ్డుతగిలినా చక్రం ఆగిపోయి మనిషి హ్యాండిల్ మీదుగా తలకిందులుగా నేలకు కొట్టుకునేవాడు. దీన్ని వారు ‘హెడర్’ అనేవారు, మెడ విరిగినా మణికట్టు విరిగినా అందులో ఆశ్చర్యపడేవారు కాదు. ఊరి బయట, పల్లెదారిలో ఇలా పడితే దిక్కు లేదన్న ఎరుక వల్లే తొలినాటి క్లబ్బులు గుంపుగా బయలుదేరేవి. ముందు కెప్టెన్, బూర ఊది సంకేతాలిచ్చే బ్యూగ్లరు, వెనకబడినవారిని కనిపెట్టుకుని వచ్చే ఉపనాయకుడు అన్న ఏర్పాటు కొంత సైనిక ఆడంబరమే అయినా, దాని అసలు ప్రయోజనం ఎవరూ ఒంటరిగా పడిపోకుండా చూడటం. 1878లో హారోగేట్‌లో పుట్టి, 1883 నుంచి సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ అన్న పేరుతో నడిచిన సంఘం ఈ పనిని దేశమంతటికీ విస్తరించింది. ప్రమాదకరమైన వాలుల దగ్గర సొంత ఖర్చుతో హెచ్చరిక బోర్డులు పాతించింది, ఊరూరా ‘కాన్సల్’ అన్న పేరుతో బాటసారి సభ్యులకు సాయపడే స్థానిక ప్రతినిధులను నియమించుకుంది. దానికి ఏడాది ముందే, 1877లో, ఏర్పడిన సెయింట్ జాన్ అంబులెన్స్ అసోసియేషన్ డాక్టరు రాకముందు చేయవలసిన చికిత్సను, అంటే ప్రథమ చికిత్సను, గనుల కార్మికులకు, రైల్వేవారికి, పోలీసులకు, మామూలు పౌరులకు నేర్పడం మొదలుపెట్టింది. గాయపడినవాడికి కట్టు కట్టడం వైద్యుడి హక్కే కాదు, పక్కనున్నవాడి పని కూడా అన్న ఆలోచన సామాన్యులలోకి వచ్చింది అప్పుడే.

ఇదంతా ఆచారమే తప్ప చట్టం కాదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. ఇంగ్లండు చట్టం 1888లో సైకిలును బండిగా గుర్తించి గంట కొట్టడాన్ని తప్పనిసరి చేసింది కానీ, దారిన పోయే పరాయి మనిషి గాయపడినవాణ్ని ఆదుకోవాలని ఏనాడూ చెప్పలేదు; ఇంగ్లిషు కామన్ లా, అంటే కోర్టు తీర్పుల ద్వారా పెరిగిన సంప్రదాయ న్యాయం, తనవల్ల కలగని ఆపదకు పరాయివాణ్ని బాధ్యుణ్ని చేయదు. ఫ్రాన్సు ఇందుకు భిన్నమైన దారి పట్టింది. తనకు ముప్పు లేకుండా సాయపడగలిగి కూడా ఆపదలో ఉన్నవాణ్ని వదిలిపోవడాన్ని అది 1940లలో శిక్షార్హమైన నేరంగా చేసింది. అదే దేశంలో సైకిలిస్టులు ఇదే విషయాన్ని తమ ఆటలోకి తెచ్చుకున్న తీరు ఇంకా ముచ్చటైనది. 1904లో స్థాపితమైన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ 1921 నుంచి ‘బ్రెవే’లు నిర్వహిస్తున్నది, 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 1,200 కిలోమీటర్లను 90 గంటల్లో, బయటి సాయం లేకుండా పూర్తి చేసి, దారిలోని చెక్‌పోస్టులను గడువులోగా దాటడమే ఈ సవారీల సారం. అలసట, ఆకలి, సైకిలు సరిగ్గా చూసుకోకపోవడం వంటి కారణాలతో ఆలస్యమైతే నియమావళి ఒప్పుకోదు. అయితే తన చేతిలో లేని అనుకోని కారణంతో ఆలస్యమైనవారికి చెక్‌పోస్టు గడువు సడలించవచ్చని చెబుతూ అది ఇచ్చే ఉదాహరణల్లో ఒకటి, దారిలో జరిగిన ప్రమాదంలో సాయపడటానికి ఆగడం. గడియారమే సర్వస్వమైన ఒక ఆటలో, ఆగినవాడు ఓడిపోకూడదని ముందుగానే రాసిపెట్టుకోవడం చిన్న విషయం కాదు. హైదరాబాదు, విశాఖపట్నం రోడ్ల మీద తెల్లవారుజామున బ్రెవేలకు బయలుదేరే తెలుగు సైకిలిస్టులకు కూడా వర్తించేది ఆ నియమావళే.

భారతదేశానికి సైకిలు వచ్చింది పంతొమ్మిదో శతాబ్దం చివరి దశకాల్లో, దొరల వాహనంగా. ర్యాలీ, హెర్క్యులిస్, హంబర్, బి.ఎస్.ఎ. వంటి విదేశీ బండ్లు మొదట అధికారుల ఇళ్లకు, తరువాత వకీళ్లు, వైద్యులు, బడి పంతుళ్ల ఇళ్లకు చేరాయి. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దంలో మద్రాసు దగ్గర టి.ఐ. సైకిల్స్, అసన్సోల్‌లో సెన్-ర్యాలీ, లూధియానాలో హీరో కర్మాగారాలు మొదలయ్యాక అది పాలవాడి బండి, పోస్టుమాను బండి, కూలీ బండి అయింది. తెలుగు పట్టణాల్లో గంటల లెక్కన అద్దెకిచ్చే సైకిలు షాపులు వెలిశాయి, పురపాలక సంఘాలు ఏటా పన్ను కట్టించుకుని సైకిలుకు బిళ్ల తగిలించాయి, రాత్రి దీపం లేకపోయినా ఇద్దరు ఎక్కినా పోలీసులు ఆపి జరిమానా వేశారు. ఎద్దుబండ్లు, జట్కాలు, సైకిళ్లు కలిసి నడిచే ఆ రోడ్ల మీద పడినవాళ్లు లేకపోలేదు, కానీ పడితే మోకాలి చిప్పో ముంజేయో దెబ్బతినేది. లేపడానికి, పక్క ఇంటి అరుగు మీద కూర్చోబెట్టడానికి, ఎముక విరిగితే నులక మంచం మీదో బండిలోనో కట్లు కట్టేవారి దగ్గరకు చేర్చడానికి ఎవరూ వెనుకాడవలసిన పని లేకపోయింది. పడినవాడు ఏ ఊరివాడో, ఎవరి కొడుకో చూసినవారిలో ఎవరో ఒకరికి తెలిసే ఉండేది.

లారీ, బస్సు ఆ రోడ్డు మీదికి వచ్చాక రెండు మార్పులు ఒకేసారి జరిగాయి. దెబ్బ ప్రాణాంతకమైంది, దెబ్బ తిన్నవాడు ‘కేసు’ అయ్యాడు. 1914లో దేశమంతటికీ తొలి మోటారు వాహనాల చట్టం వచ్చింది, దాని స్థానంలో 1939లో, మళ్లీ 1988లో కొత్త చట్టాలు వచ్చాయి. ప్రమాదం చేసిన డ్రైవరు గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలని, పోలీసులకు తెలియజేయాలని చివరి రెండు చట్టాలూ చెప్పాయి. పారిపోయిన డ్రైవరు స్థానంలో ఆ పని చేయబోయే మూడో మనిషి గురించి మాత్రం ఎనభై ఏళ్ల పాటు ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనంలోకి ఆసుపత్రి, పోలీసు పద్ధతులు చొరబడ్డాయి. ప్రమాదం, కొట్లాట, విషం వంటి కారణాలతో వచ్చిన రోగిని, కోర్టుకు వెళ్లే అవకాశమున్నందున, ‘మెడికో-లీగల్ కేసు’ అంటారు. గాయాల వివరాలు రిజిస్టరులో ఎక్కించడం, పోలీసులకు కబురు పంపడం, తరువాత డాక్టరు స్వయంగా కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పడం ఇందులో భాగం. ఈ తలనొప్పి వద్దనుకున్న ప్రైవేటు ఆసుపత్రులు ‘ఇది పోలీసు కేసు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి’ అని గుమ్మంలోంచే తిప్పి పంపడం అలవాటు చేసుకున్నాయి. పెద్దాసుపత్రిలో తెచ్చినవాడి పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకునేవారు, పోలీసులు వచ్చేదాకా కదలవద్దనేవారు. వచ్చిన పోలీసులు మొదట అడిగే ప్రశ్న ‘నువ్వే గుద్దావా?’ అన్నదే కావడం కూడా అరుదు కాదు. ఆ తరువాత స్టేషనుకు పిలుపులు, బాధితుడు చనిపోతే పంచనామాలో సంతకం, ఏళ్లు గడిచాక ఉన్నట్టుండి కోర్టు సమన్లు, వాయిదాలు. రోజు కూలి పోగొట్టుకుని మూడు వాయిదాలు తిరిగిన ఒక మనిషి కథ ఊరంతా తెలిస్తే, ఆ ఊళ్లో మరో పదిమంది రోడ్డు మీద కళ్లు తిప్పుకుని వెళ్లిపోతారు. ‘మనకెందుకొచ్చిన గొడవ’ అన్న మాటను జాతి గుణంగా చిత్రించి తిట్టిపోసేవారు చాలామందే ఉన్నారు. అది అన్యాయమైన నింద. ఆ మాట అనుభవం నేర్పిన పాఠం, ఆ పాఠం నేర్పింది వ్యవస్థ.

ఈ పద్ధతి ఎంతటి దారుణానికి దారితీసిందో దేశం ముందు పెట్టింది 1980ల చివర ఒక పత్రికలో వచ్చిన వార్త. వేగంగా వచ్చిన కారు ఒక స్కూటరిస్టును గుద్దింది. రక్తమోడుతున్న అతణ్ని దారిన పోయే వ్యక్తి ఒకరు ఎత్తుకుని దగ్గరలోని ఆసుపత్రికి చేర్చాడు. అక్కడి వైద్యులు చేర్చుకోక, మెడికో-లీగల్ కేసులు చూడటానికి అనుమతి ఉన్న, దాదాపు 20 కిలోమీటర్ల దూరంలోని మరో ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. అతను మళ్లీ బయలుదేరాడు, కానీ అక్కడికి చేరకముందే క్షతగాత్రుడి ప్రాణం పోయింది. మానవ హక్కుల కార్యకర్త పండిత్ పరమానంద్ కటారా ఆ వార్తను జోడించి సుప్రీం కోర్టులో వేసిన పిటిషన్ మీద న్యాయమూర్తులు రంగనాథ్ మిశ్రా, జి.ఎల్. ఓజా 1989 ఆగస్టు 28న తీర్పు చెప్పారు. రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చే జీవించే హక్కు ప్రకారం ప్రాణం కాపాడటం ప్రభుత్వ వైద్యుడికైనా ప్రైవేటు వైద్యుడికైనా మొదటి బాధ్యత అని, పోలీసు లాంఛనాల కోసం చికిత్సను ఆపరాదని, వైద్యులను అనవసరంగా కోర్టులకు, స్టేషన్లకు తిప్పి వేధించరాదని అందులో స్పష్టం చేశారు. ఈ తీర్పు వైద్యుడి చేతులకున్న కట్లు విప్పింది. కానీ ఆ కథలో ఇంకో మనిషి ఉన్నాడు: పరాయివాణ్ని ఎత్తుకుని, ఒక గుమ్మం నుంచి మరో గుమ్మానికి పరుగెత్తి, చివరికి శవంతో మిగిలినవాడు. అతని చేతుల కట్లు విప్పడానికి దేశానికి మరో ఇరవై ఏడేళ్లు పట్టింది.

ఆ ఇరవై ఏడేళ్లలో జరిగిన రెండు పనులలో తెలుగువారికి నేరుగా సంబంధం ఉంది. మొదటిది 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవ. సత్యం సంస్థ అధినేత రామలింగరాజు హైదరాబాదులో నెలకొల్పిన ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి నడిపిన ఈ ఏర్పాటులో, డబ్బు ఖర్చు లేని మూడంకెల నంబరుకు ఫోను చేస్తే, ప్రాణాధార చికిత్సలో శిక్షణ పొందిన టెక్నీషియనుతో, ‘పైలట్’ అని పిలిచే డ్రైవరుతో వాహనం సంఘటన స్థలానికి వస్తుంది. 2009లో సత్యం సంస్థ కుంభకోణంలో కూలిపోయినా సేవ ఆగలేదు, జి.వి.కె. సంస్థ చేతికి మారి మరిన్ని రాష్ట్రాలకు విస్తరించింది. అంతకుముందు సాయం చేయడమంటే బండి సంపాదించి, మనిషిని అందులో ఎక్కించి, ఆసుపత్రి మెట్లెక్కి, అక్కడి ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పడం. 108 వచ్చాక సాయంలో మొదటి మెట్టు ఒక ఫోను కాలు అయింది, ఆసుపత్రి గుమ్మంలోకి రోగిని తీసుకెళ్లేది యూనిఫాం వేసుకున్న ఉద్యోగి అయ్యాడు. కుయ్‌కుయ్‌మంటూ వచ్చే ఆ బండి పల్లెల్లో ఇంటింటి మాట కావడానికి వెనుక ఈ ఊరట కూడా ఉంది. రెండోది తెలుగువాడైన జస్టిస్ ఎం. జగన్నాధరావు అధ్యక్షతన లా కమిషన్ 2006లో ఇచ్చిన 201వ నివేదిక. ప్రమాద బాధితులకు అత్యవసర వైద్యాన్ని ఏ ఆసుపత్రీ నిరాకరించకుండా నిర్బంధ చట్టం అవసరమని అది వాదించింది.

పౌరుడి భయాన్ని నేరుగా ఎదుర్కొన్నది ఢిల్లీలోని సేవ్‌లైఫ్ ఫౌండేషన్. పీయూష్ తివారీ 2008లో దాన్ని స్థాపించడానికి కారణం, అంతకు ముందు ఏడాది బడి నుంచి ఇంటికి వస్తున్న ఆయన బంధువైన పిల్లవాడు వాహనం గుద్ది రోడ్డు పక్కన పడివుంటే, చాలామంది చూసి కూడా ఆగకపోవడం, ఆ పిల్లవాడు అక్కడే చనిపోవడం. కోపంతో జనాన్ని తిట్టడం దగ్గర ఆగకుండా, వారు ఎందుకు ఆగలేదని అడగడం ఈ సంస్థ చేసిన గొప్ప పని. 2013లో అది జరిపించిన సర్వేలో 74 శాతం మంది తాము సాయపడే అవకాశం తక్కువని ఒప్పుకున్నారు. వారిలో 88 శాతం మంది చెప్పిన కారణం పోలీసు ప్రశ్నలు, కోర్టు తిప్పలు వంటి చట్టపరమైన చిక్కులు. 2012లో సంస్థ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగా కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2015 మే నెలలో మార్గదర్శకాలు ప్రకటించింది, 2016 మార్చి 30న సుప్రీం కోర్టు వాటికి దేశమంతటా చట్టంతో సమానమైన బలం ఇచ్చింది. అదే ఏడాది కర్ణాటక శాసనసభ ఈ విషయంలో ప్రత్యేక చట్టాన్ని ఆమోదించింది. చివరికి 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ 134ఎ అన్న కొత్త సెక్షన్‌ను చేర్చింది. ప్రతిఫలం ఆశించకుండా, మంచి మనసుతో బాధితుడికి సాయపడే, లేదా ఆసుపత్రికి చేర్చే వ్యక్తిని ‘గుడ్ సమరిటన్’ అని నిర్వచించి, సాయంలో పొరపాటు జరిగి బాధితుడికి హాని కలిగినా సివిల్, క్రిమినల్ బాధ్యత ఆ వ్యక్తి మీద ఉండదని అది ప్రకటించింది. గాయపడిన తరువాతి మొదటి గంటను, అంటే సరైన చికిత్సతో మరణాన్ని తప్పించే అవకాశం అన్నిటికంటే ఎక్కువగా ఉండే సమయాన్ని, ‘గోల్డెన్ అవర్’ అన్న పేరుతో చట్టంలోకి తెచ్చింది కూడా ఈ సవరణే.

2020 సెప్టెంబరులో వచ్చిన నియమాలు అసలు పట్టును వదిలించాయి. సాయపడినవారిని పేరు, చిరునామా, ఫోను నంబరు చెప్పమని పోలీసులు గానీ మరెవరు గానీ బలవంతం చేయరాదు. ఇష్టపడి చెబితే అది వేరు. సాక్షిగా ఉండటానికి తానే ఒప్పుకుంటే, ఆ వ్యక్తికి వీలైన చోట, వీలైన వేళ, ఒక్కసారే విచారించాలి. కులం, మతం, లింగం, జాతీయత వంటి తేడాలు చూపకుండా గౌరవంగా వ్యవహరించాలి. 2021 అక్టోబరు నుంచి ప్రభుత్వం 5,000 రూపాయల పారితోషికాన్ని కూడా ప్రవేశపెట్టి, 2025లో ‘రాహ్-వీర్’ పేరుతో 25,000కు పెంచింది. డబ్బు ఇవ్వడం తప్పు కాదు గానీ, ఈ చరిత్రలో దాని విలువ స్వల్పం. జనం ఆగకపోవడానికి కారణం బహుమతి లేకపోవడం ఎన్నడూ కాదు కనుక, పేరు అడగకపోవడమే వారికి దొరికిన నిజమైన బహుమానం.

ఇన్ని మార్పుల తరువాత కూడా సైకిలు మీద పోయే మనిషి పరిస్థితి మిగిలినవారికంటే కష్టంగానే ఉంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో సైకిళ్ల మీద వెళ్తున్నవారు నాలుగు వేలకు పైగా ఉన్నారు. తొక్కేది చాలావరకు కూలీలు, కాపలాదారులు, బడి పిల్లలు. వెలుగు లేని వేళ, అంచు విరిగిన రోడ్డు మీద. గుద్దిన వాహనం నంబరు ఎవరూ చూడకపోతే బీమా పరిహారం దారి మూసుకుపోతుంది. అలాంటివారి కోసం 1982లో మొదటిసారి ఏర్పాటు చేసిన నిధి మరణానికి 5,000, తీవ్ర గాయానికి 1,000 రూపాయలు ఇచ్చేది. 2022 ఏప్రిల్ నుంచి అది 2 లక్షలు, 50,000 అయింది. ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల దాకా నగదు లేని చికిత్స అందించే పథకం 2025 మే నెలలో అమల్లోకి వచ్చింది. వీటిలో ఏది అందాలన్నా, ప్రమాదం జరిగిందని చెప్పే మనిషి ఒకరు కావాలి, అంటే ఎవరో ఒకరు ఆగి ఉండాలి.

ఆగినవారి చేతుల్లో ఏం జరుగుతుందన్నది మాత్రం చట్టాలు మారినంతగా మారలేదు. నలుగురు చేరి చేతులు, కాళ్లు తలొకరు పట్టుకుని ఎత్తడం, ఆటో వెనక సీటులో మోకాళ్లు ముడిచి కుక్కడం, స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయడం ఇప్పటికీ తెలుగు నేల మీద రోజూ కనిపించే దృశ్యాలు. హ్యాండిల్ మీదుగా పడిన సైకిలిస్టుకు మెడ ఎముక దెబ్బతిని ఉండవచ్చు. ఎత్తినప్పుడు తల వేలాడితే మెడలోని వెన్నుపాము దెబ్బతిని, చేతులు, కాళ్లు జీవితాంతం చచ్చుబడే ప్రమాదం ఉంది. మింగలేని స్థితిలో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాహనాలు మీదికి వచ్చే ముప్పు లేకపోతే పడినవాణ్ని కదపకుండా, తలను రెండు చేతులతో నిలకడగా పట్టుకుని ఉండటం, రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టడం, వెనక వచ్చే బండ్లను ఒకరు నిలబడి ఆపడం, మరొకరు 108కి ఫోను చేసి కిలోమీటరు రాయి అంకెతో సహా చోటు చెప్పడం: సెయింట్ జాన్ తరగతులు నూటయాభై ఏళ్లుగా నేర్పుతున్న పాఠాల సారం దాదాపు ఇంతే. దీన్ని హైస్కూలు పిల్లలందరికీ ఒక పూటలో నేర్పవచ్చు, నేర్పాలి.

సాయపడినవారి హక్కులను హిందీ, ఇంగ్లిషుతో పాటు స్థానిక భాషలో రాసి, ప్రతి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రి ప్రవేశద్వారం దగ్గరో, బాగా కనబడే మరో చోటో పెట్టాలని 2020 నియమాలు ఆదేశిస్తున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్థానిక భాష అంటే తెలుగే. ఆ బోర్డు లేని ఆసుపత్రి కనబడితే, అది ఎక్కడుందని అడిగే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది.